యాప్‌లతో పల్నాడు పండదు

పదేళ్లుగా మన రాష్ట్రంలో ఒక నమ్మకం పాతుకుపోయింది. ఊరికి ఇంటర్నెట్టు, రైతు చేతికి స్మార్ట్‌ఫోను, పొలానికి ఆన్‌లైన్ రికార్డు, మార్కెట్టుకు ఎలక్ట్రానిక్ వేలం అందిస్తే చాలు, వెనుకబడిన ప్రాంతం తనంతట తానే లేచి నిలబడుతుందని. ప్రభుత్వాలు మారాయి కానీ ఈ నమ్మకం మారలేదు. 2015లో ఆన్‌లైన్ భూరికార్డుల మీభూమి వచ్చింది. 2016లో ఎలక్ట్రానిక్ వేలానికి ఈ-నామ్, 2017 డిసెంబరులో ఫైబర్‌నెట్, 2020లో రైతు భరోసా కేంద్రాలు, 2025 జనవరిలో వాట్సాప్ మీద ప్రభుత్వ సేవలకు మన మిత్ర వచ్చాయి. ప్రతిసారీ వేదిక మీద వినిపించింది దాదాపు ఒకే మాట: సమాచారం చేరితే దిగుబడి పెరుగుతుంది, దళారీ తొలగిపోతాడు, రైతే ధర నిర్ణయిస్తాడు. ఇప్పుడు దీనికి ‘డిజిటల్ ఎకోసిస్టమ్’ అనే పేరు పెట్టి, ప్రాంతీయ ఆర్థికాభివృద్ధికి ఇదే ఇంధనమని పత్రికల వ్యాపార పేజీలూ, సదస్సుల్లో వక్తలూ చెబుతున్నారు.

పల్నాడు వరకు ఈ నమ్మకం తప్పని నా వాదన. ఫోను పనికిరాదని నేను అనడం లేదు. నేలమీద ఎవరికి నీరుంది, ఎవరికి పట్టా ఉంది, ఎవరికి అప్పు పుడుతుంది అన్న లెక్క ఎలా ఉందో, డిజిటల్ వ్యవస్థ ఆ లెక్కనే ఇంకా వేగంగా, ఇంకా గట్టిగా అమలు చేస్తుంది. ఆ లెక్కలో లేనివాడిని అది తనంతట తాను చేర్చదు. పల్నాడులో మిరప, పత్తి పండించేవాళ్లలో పెద్ద భాగం ఆ లెక్కలో లేనివాళ్లే.

అవతలి వాదంలో బలమైన సాక్ష్యం ఉంది, దాన్ని దాటవేయకూడదు. కేరళ ఉత్తర తీరంలో 1997 నుంచి 2001 మధ్య సెల్‌ఫోన్లు వచ్చాయి. రాబర్ట్ జెన్సన్ అనే ఆర్థికవేత్త అక్కడి చేపల రేవులను గమనించి 2007లో ఒక అధ్యయనం ప్రచురించాడు. ఫోను రాకముందు ఒక రేవులో చేప కొనేవాడు లేక పారబోస్తుంటే, పక్క రేవులో చేప దొరక్క జనం వెనుదిరిగేవారు. ఫోను వచ్చాక పడవ సముద్రం మీద ఉండగానే ధర కనుక్కుని తగిన రేవుకు మళ్లింది. జాలరి లాభం 8 శాతం పెరిగింది, వినియోగదారుకు ధర 4 శాతం తగ్గింది, చేప వృథా కావడం దాదాపు ఆగిపోయింది. ప్రపంచమంతటా ‘ఫోనుతో అభివృద్ధి’ వాదానికి ఇది మూలస్తంభం. లెక్క నిజమే. కానీ ఆ జాలరి పరిస్థితి చూడండి. చేప అతనిది. పడవను ఏ రేవుకైనా మళ్లించగలడు. అమ్మకం ఆ ఉదయమే ముగుస్తుంది, డబ్బు ఆ ఉదయమే చేతిలో పడుతుంది. ధర తెలిసిన మనిషికి ఆ ధర ఉన్నచోటికి వెళ్లే స్వేచ్ఛ కూడా ఉంది కాబట్టే ఫోను పనిచేసింది.

దుర్గి మండలంలో మిరప వేసిన కౌలు రైతుకు ఆ స్వేచ్ఛ ఉందా? జూలైలో నారు పోసేనాటికే అతను కౌలు కట్టి ఉంటాడు, చాలాచోట్ల కౌలు ముందే కట్టాలి. మిరపకు ఎకరాకు లక్షన్నర, రెండు లక్షల దాకా పెట్టుబడి. అతని పేర పట్టా లేదు కాబట్టి బ్యాంకులో పంటరుణం పుట్టదు. ఎరువులు, పురుగుమందులు కొట్టులో అరువు. కోతకూలికీ, లారీ బాడుగకూ మార్కెట్టులోని కమీషన్ వ్యాపారి దగ్గర అడ్వాన్సు. ఆ అడ్వాన్సుకు వడ్డీ ఎంతైనా, దానితో పాటు రాతలో లేని ఒక షరతు ఉంటుంది: సరుకు ఆ కొట్టుకే రావాలి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కాయ కోసి, కల్లంలో ఎండబెట్టి, టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకు చేర్చేసరికి, ఏ యార్డులో ఏ ధర ఉందో ఫోను చెబుతూనే ఉంటుంది. ఖమ్మంలోనో వరంగల్‌లోనో తేజ రకానికి నాలుగు రూపాయలు ఎక్కువ ఉందని తెలిసి అతను చేసేదేమిటి? బండి అప్పు ఇచ్చినవాడి కొట్టుకే వెళ్లాలి.

ఈ మాట పల్నాడు మీద మమకారంతో అంటున్నది మాత్రమే కాదు. మహారాష్ట్రలో నూరు గ్రామాల రైతులకు ధరలు, వాతావరణం, సాగు సలహాలు ఎస్సెమ్మెస్‌గా పంపే రాయిటర్స్ మార్కెట్ లైట్ అనే సేవను పరీక్షించి, ఫాఫ్‌చాంప్స్, మింటెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2012లో ఫలితాలు ప్రచురించారు. ఆ సమాచారం అందినవారికీ అందనివారికీ మధ్య అమ్మకపు ధరలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కేరళ అధ్యయనాన్ని ప్రతి సదస్సులో తలుచుకునేవారు ఈ రెండో అధ్యయనాన్ని ఎందుకు తలుచుకోరు?

మధ్యప్రదేశ్‌లో ఐటీసీ కంపెనీ 2000లో మొదలుపెట్టిన ఈ-చౌపాల్‌ను కూడా ఉదాహరణగా చూపిస్తారు. అక్కడ సోయాబీన్ ధర 1 నుంచి 3 శాతం పెరిగిందని అపరాజితా గోయల్ 2010లో తేల్చారు. అయితే అక్కడ జరిగిందేమిటి? ఊరిలో కంప్యూటరు పెట్టిన కంపెనీయే సరుకు కొనడానికి తన సొంత కేంద్రాలు తెరిచింది. ఎలక్ట్రానిక్ కాటా పెట్టింది, నాణ్యత పరీక్షించింది, తూకం అయిన వెంటనే డబ్బిచ్చింది. మండీ వ్యాపారికి పోటీగా ఇంకొక కొనుగోలుదారు నిలబడ్డాడు, అందుకు ధర పెరిగింది. తెర మీది అంకె వెనుక డబ్బు పట్టుకుని నిలబడిన మనిషి ఉండాలి. పల్నాడు రైతుకు అంకె ఇచ్చాం, మనిషిని ఇవ్వలేదు.

ఈ-నామ్ దేశంలో 1,400కు పైగా మార్కెట్లను కలిపింది. మంచి ఉద్దేశంతో పుట్టిన పథకమే. కానీ మిరపకాయ సంగతి తెలిసినవారెవరైనా ఒక విషయం ఒప్పుకుంటారు. కాయ రంగు, తేమ, ముడత, తాలు, గింజ రాలడం, ఇవన్నీ వ్యాపారి బస్తాలోంచి గుప్పెడు కాయ తీసి, కంటితో చూసి, చేత్తో నలిపి తేలుస్తాడు. ఢిల్లీలోనో ఇండోర్‌లోనో కూర్చున్న కొనుగోలుదారు చూడని సరుకుకు ధర పాడాలంటే, ఆ చేతి పరీక్షకు బదులు అతను నమ్మే గ్రేడింగు ఉండాలి. అంటే ప్రయోగశాల, అందులో పనిచేసే మనుషులు, వాళ్ల ధ్రువపత్రాన్ని గౌరవించే కట్టుబాటు, తేడా వస్తే తీర్చే యంత్రాంగం. ఇవి లేనిచోట ఎలక్ట్రానిక్ వేలం అంటే మనుషులు తేల్చిన ధరను కంప్యూటరులోకి ఎక్కించడమే. గ్రేడింగుకు ఖర్చవుతుంది, పేరు రాదు. పోర్టల్‌కు ప్రారంభోత్సవం ఉంటుంది. మన ప్రాధాన్యాలు ఎలా కుదిరాయో ఇందులోనే ఉంది.

ధరల సమాచారం ఇంకొక పని కూడా చేస్తుంది, దాన్ని గురించి మాట్లాడేవారు తక్కువ. 2023లో మిరప క్వింటా 20 వేలు దాటింది. ఆ అంకె పల్నాడులో ప్రతి ఫోనులోకీ వెళ్లింది. ప్రకాశంలోనూ కర్నూలులోనూ ఖమ్మంలోనూ కర్ణాటకలోని బళ్లారి, రాయచూరు వైపూ అదే అంకె వెళ్లింది. ఆ తర్వాత ఏమైందో అందరికీ తెలుసు. 2025 ఫిబ్రవరికి యార్డులో ధర కుప్పకూలి రైతులు రోడ్డెక్కారు. చివరికి కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేసి, 2.91 లక్షల టన్నుల వరకు ధరల తేడా చెల్లించడానికి ఒప్పుకుంది. నిరుటి ధర అందరికీ ఒకేసారి తెలిస్తే అందరూ ఒకే పంటకు పరుగెత్తుతారు. వచ్చే ఏడాది ఏ ప్రాంతంలో ఎన్ని ఎకరాలు పడబోతున్నాయో, శీతల గిడ్డంగుల్లో పాత నిల్వ ఎంతుందో, విదేశీ గిరాకీ ఎటు పోతోందో నాటుకు ముందే చెప్పగలిగితే అది రైతుకు పనికొచ్చే సమాచారం. ఆ లెక్కలు పెద్ద వ్యాపారుల దగ్గర ఉంటాయి. రైతు ఫోనులోకి వచ్చేది నిన్నటి ధర.

ధర పడినప్పుడు ఆగి అమ్మాలంటే నిల్వ కావాలి. శీతల గిడ్డంగులు గుంటూరు చుట్టుపక్కలే ఎక్కువ. మాచర్ల, గురజాల వైపు రైతు సరుకు దాచాలన్నా గుంటూరు దారి పట్టాల్సిందే. గిడ్డంగి రసీదును తాకట్టు పెట్టుకుని అప్పు ఇచ్చే ఎలక్ట్రానిక్ రసీదుల పద్ధతి 2017లోనే వచ్చింది. మొత్తం డిజిటల్ వ్యవస్థలో రైతుకు నిజంగా బలమివ్వగల పనిముట్టు ఇదొక్కటేనని నా అభిప్రాయం. దానికి ముందు గిడ్డంగి కావాలి, ఊరికి దగ్గరలో కావాలి.

ఇక పత్తి. 2025-26 సీజనుకు భారత పత్తి సంస్థ కపాస్ కిసాన్ యాప్‌ను తప్పనిసరి చేసింది. మద్దతు ధర పొడుగు పింజకు 8,110 రూపాయలు. ఆ ధర కావాలంటే ఆధార్‌తో నమోదు కావాలి, భూమి, పంట వివరాలు రికార్డుతో సరిపోవాలి, ఫోనులో స్లాటు బుక్ చేసుకోవాలి. క్యూలు తగ్గుతాయి, వ్యాపారి రైతు పేరుతో అమ్ముకోవడం ఆగుతుంది అన్నారు. రెండూ మంచి లక్ష్యాలే. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వచ్చింది. పగిలిన పత్తి చేలోనే తడిసింది. తేమ 12 శాతం దాటితే కొనుగోలు కేంద్రం తీసుకోదు. స్లాటు ఏ తేదీకి దొరికినా తడిసిన పత్తిని ఆరబెట్టేది ఎక్కడ? సిమెంటు కల్లం లేదు, పందిరి లేదు. స్లాటు దాటిపోతే మళ్లీ ఫోను ముందు కూర్చోవాలి. అప్పులవాడు ఇంటి ముందు నిలబడి ఉంటే వారం ఆగగలిగేది ఎంతమంది? ఊళ్లోకి బండి తెచ్చుకుని, తేమ అడగకుండా, పాస్ పుస్తకం అడగకుండా, మద్దతు ధర కంటే చాలా తక్కువకు కాటా వేసుకుని పోయేవాడికే ఆ పత్తి వెళుతుంది. దళారీని తొలగించాలని పెట్టిన షరతులే చిన్న రైతును దళారీ దగ్గరకు తోశాయి.

ఇక్కడ అసలు ప్రశ్న ముందుకు వస్తుంది. ఆ రికార్డులో ఎవరి పేరుంది?

దేశంలో కౌలు సేద్యం వాటా ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ మొదటి వరుసలో ఉంది. పల్నాడులో భూమి ఉన్న కుటుంబాలు నరసరావుపేటకో గుంటూరుకో హైదరాబాదుకో అమెరికాకో వెళ్లిపోయాయి. దున్నేది మరొకరు. ఈ మరొకరి పేరు ప్రభుత్వ ఆన్‌లైన్ భూరికార్డు అయిన వెబ్‌ల్యాండులో ఉండదు. పీఎం కిసాన్ సాయం 2019లో మొదలైన నాటి నుంచి భూమి ఉన్న కుటుంబాలకే ఇస్తున్నారు. పంటరుణం చాలావరకు పట్టాదారుకే పుడుతుంది. కౌలుదారుకు పత్రం ఇవ్వడానికి చట్టాలు లేకపోలేదు. 2011లో వచ్చిన అధీకృత సాగుదారుల చట్టం, యజమాని సంతకం అడ్డు కాకుండా, సాగు చేస్తున్నాడని గ్రామంలో తేల్చి కార్డు ఇచ్చే పద్ధతి పెట్టింది. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల కార్డుకు యజమాని అంగీకారం తప్పనిసరి చేసింది. ఈ ఒక్క మార్పుతో తాళంచెవి యజమాని చేతికి పోయింది. సంతకం పెడితే భూమి మీద హక్కు వస్తుందేమోనని యజమానికి భయం. 1956 నాటి కౌలుదారీ చట్టం జ్ఞాపకం ఆ భయాన్ని ఇంకా బతికిస్తోంది. పైగా అదే సర్వే నంబరు మీద తాను తీసుకున్న పంటరుణం, తనకు వచ్చే సాయం పోతాయన్న ఆలోచన. అందుకని కౌలు నోటి మాట మీదే నడుస్తుంది.

ఏ చేలో ఏ పంట ఉందో నమోదు చేసే ఈ-క్రాప్‌లో సాగుదారు పేరు రాసే వీలుంది. అది మంచి ఏర్పాటు, పొలానికి వెళ్లి ఫొటో తీసి నమోదు చేసే గ్రామ స్థాయి ఉద్యోగుల శ్రమను నేను తక్కువ చేయను. కానీ యజమాని వద్దంటే ఆ గడిలో దున్నినవాడి పేరు పడుతుందా? ఆ గడిలో పేరు లేనివాడికి తుపాను నష్టపరిహారం రాదు, పంటల బీమా రాదు, మద్దతు ధరకు అమ్మే అర్హత చిక్కుల్లో పడుతుంది. కాగితాల కాలంలో ఊరి కరణమో ఉద్యోగో ‘ఈ చేను ఫలానావాడు చేస్తున్నాడు’ అని నలుగురి ముందు ఒప్పుకుంటే ఎంతోకొంత జరిగేది. ఇప్పుడు అన్నీ ఒకదానికొకటి ముడిపడ్డాయి. ఒకచోట పేరు లేకపోతే అన్నిచోట్లా లేనట్టే. డిజిటల్ వ్యవస్థ అతనికి చేసిన అన్యాయం ఇదీ: ఇంతకుముందు సగం తెరిచి ఉన్న తలుపులను ఒకేసారి మూసింది.

దీనికి ఒక జవాబు తరచు వస్తుంది: ముందు డేటా పోగు పడనీయండి, లోపాలు బయటపడతాయి, తర్వాత అవే సరిదిద్దుకుంటాయి. సరిదిద్దుకుంటాయా? భూరికార్డుల మీదే దీన్ని పరీక్షించవచ్చు. 2022 నాటి భూహక్కుల చట్టం 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది. రికార్డులో తప్పు పడితే తన భూమి ఏమవుతుందోనన్న భయం ఊరూరా పాకింది. 2024 ఎన్నికల్లో అదొక ప్రధాన వివాదమై, ఆ ఏడాదే చట్టాన్ని రద్దు చేశారు. పట్టా ఉన్నవాళ్లు గొంతెత్తితే చట్టమే పోయింది. కౌలుదారు పేరు లేదన్న లోపం మాత్రం దశాబ్దాలుగా అందరికీ తెలిసినా అలాగే ఉంది. తెలియకపోవడం వల్ల ఆగిన పని ఇది కాదు, అడిగే బలం లేనివాళ్ల పని కావడం వల్ల ఆగింది. డేటా ఎంత పోగుపడినా ఆ బలాన్ని ఇవ్వదు.

పల్నాడులో ఉత్పాదకతను నిజంగా మార్చిన సాంకేతికత ఏదో చరిత్ర చెబుతుంది. శ్రీనాథుడు వచ్చి జొన్నకూడు, రాళ్లు చూసి విసుక్కున్న నేల ఇది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. 203 కిలోమీటర్ల కుడి కాలువ వెంట వరి, పత్తి, మిరప వచ్చాయి. వాటి వెనుక జిన్నింగ్ మిల్లులు, స్పిన్నింగ్ మిల్లులు, చిలకలూరిపేట, నరసరావుపేట బజార్లు పెరిగాయి. ఒక తరంలో జిల్లా ముఖం మారింది. కానీ కాలువ పల్లానికే పారుతుంది. కాలువ ఉన్న జిల్లాలోనే ఉన్నా మెరక మీద ఉన్న వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి పల్లెలకు నీరు ఎక్కలేదు. డిజిటల్ వ్యవస్థ నడకా అంతే: పట్టా, పరపతి, చదువు ఉన్న వైపుకే పారుతుంది. మెరకకు నీరు ఎక్కించాలంటే ఎత్తిపోతల కట్టాలి, అది పనిగట్టుకుని పెట్టాల్సిన ఖర్చు. వరికపూడిశెల ఎత్తిపోతలకు 2023 నవంబరు 15న మాచర్లలో శంకుస్థాపన జరిగింది. మొదటి దశలో 24,900 ఎకరాలకు నీరివ్వడం లక్ష్యం. పల్నాడు ఉత్పాదకత మీద శ్రద్ధ ఉన్నవారు ముందు అడగవలసింది ఆ ఎకరాలకు నీరు ఎప్పుడు చేరుతుందని.

సుస్థిరత అన్న మాట కూడా ఈ వాదంలో చాలా తేలిగ్గా వాడుతున్నారు. నీరులేని మెరకలో రైతు బోరు మీద బోరు వేస్తాడు. ఏ యాప్ దాన్ని ఆపింది? 2021లో నల్ల తామర పురుగు మిరప తోటలను ఊడ్చేసింది. పూత మీద చేరి పిందెను నిలవనీయని ఆ కొత్త పురుగుకు ఏ మందు పనిచేస్తుందో తెలియక రైతులు దొరికిన మందల్లా కొట్టారు. ఆ రోజుల్లో ఫోన్లు లేక కాదు. ఫొటో తీసి పంపితే జవాబు క్షణంలో వచ్చేది, చాలాసార్లు జవాబిచ్చేది మందులమ్మే కొట్టు. సలహా చెప్పేవాడే సరుకు అమ్మేవాడైతే ఫోను వల్ల పెరిగేది అమ్మకమే. లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు, మండల వ్యవసాయాధికారులు చేను దగ్గరకు రావాలి, అందుకు తగినంతమంది ఉండాలి. మందుల అవశేషాల వల్ల విదేశీ కొనుగోలుదారులు సరుకు తిప్పి పంపితే నష్టం చివరికి దిగేది రైతు ధరలోకే. నేలసారం, భూగర్భజలం, కాయలో మందు శాతం, వీటిని కొలవని వ్యవస్థను సుస్థిరం అనడం తగదు.

మేలు జరిగినచోట జరిగిందనే చెప్పాలి. సాయం డబ్బు నేరుగా ఖాతాలో పడటం వల్ల మధ్యలో చేతివాటం తగ్గింది. మాచర్ల సంతలో కూరగాయలమ్మే ఆమె కూడా యూపీఐతో డబ్బు తీసుకుంటోంది, అందుకు రుసుము లేదు. పింఛను, ధ్రువపత్రాల కోసం బస్సెక్కి తిరగడం తగ్గింది. పేరున్నవాడికి ఇవన్నీ మేలే, ఒక్కటి కూడా వెనక్కి పోకూడదు. పిడుగురాళ్ల సున్నం బట్టీలకు, నాపరాయి గనులకు, సిమెంటు కర్మాగారాలకు కూడా ఆన్‌లైన్ బిల్లులు లెక్కలు సులువు చేశాయి. అయినా ఆ సరుకు కదిలేది రోడ్డు మీద, రైలు మీద. నడికుడి - శ్రీకాళహస్తి రైలుమార్గం పూర్తయితే ఈ ప్రాంతానికి జరిగే మేలు ఏ పోర్టల్‌తోనూ పోల్చలేనిది. నా అభ్యంతరం ఒక్కటే. సులువు కావడాన్ని ఉత్పాదకత పెరగడంగా చూపిస్తున్నారు, నమోదుల సంఖ్యను అభివృద్ధిగా లెక్కిస్తున్నారు. ఎన్ని లక్షల మంది నమోదయ్యారన్నది మొదటి లెక్క కాకూడదు. దున్నినవారిలో ఎంతమంది నమోదయ్యారు, అమ్మినవారిలో ఎంతమందికి మద్దతు ధర దక్కింది, నష్టపోయినవారిలో ఎంతమందికి పరిహారం చేరింది అన్నవే లెక్కలు.

2019 చట్టం స్థానంలో కొత్త కౌలు చట్టం తెస్తామని 2024లో వచ్చిన ప్రభుత్వం మాటిచ్చింది. ఆ చట్టంలో మూడు మాటలు ఉండాలని పల్నాడు రైతు సంఘాలు, ఈ జిల్లా ఏడుగురు ఎమ్మెల్యేలు, నరసరావుపేట ఎంపీ గట్టిగా అడగాలి. కార్డుకు యజమాని సంతకం అక్కర్లేదు, గ్రామసభలో తేలితే చాలు. కార్డు భూమి యాజమాన్య హక్కును ఏ విధంగానూ మార్చదని చట్టంలోనే స్పష్టంగా రాయాలి, యజమాని భయం అప్పుడే పోతుంది. ఈ-క్రాప్, కపాస్ కిసాన్, పంటల బీమా, బ్యాంకు, ఇవన్నీ ఆ కార్డునే ఆధారంగా ఒప్పుకోవాలి. సాఫ్ట్‌వేరులో ఇది ఒక గడి మార్పు. శాసనసభలో ఒక సవరణ. వచ్చే ఖరీఫ్ నమోదు మొదలయ్యేలోగా ఈ పని జరగాలి. అంతవరకు పల్నాడు డిజిటల్ ప్రగతి గురించి ఏ నివేదిక చదివినా, అందులో చేను దున్నినవాడి పేరు ఉందా అని మొదట చూడండి.